పోస్టరు మీద ‘క్రూసేడ్’, పుస్తకంలో ‘సలీబీ జంగ్’: బెజవాడలో ఈ మాటకు అర్థమేంటి?

విజయవాడలో సువార్త సభల సీజన్ వస్తే చాలు, గోడల మీద, కరెంటు స్తంభాల మీద పోస్టర్లు వెలుస్తాయి. బోధకుడి ఫొటో, మూడు రోజుల తేదీలు, గ్రౌండు పేరు ఉంటాయి. కొన్నింటి మీద పెద్ద అక్షరాలతో ‘గాస్పెల్ క్రూసేడ్’ అని కూడా ఉంటుంది. ఆటోలో వెళ్తూ ఆ మాట చదివిన పిల్లలు ఇంటికొచ్చి అడుగుతారు: “అబ్బా, క్రూసేడ్ అంటే సలీబీ జంగేగా? మన ఊళ్లో ఎవరి మీద జంగ్?”

ప్రశ్న చిన్నదే కానీ జవాబు అంత తేలిక కాదు. ఉర్దూ చదివే ఇళ్లలో సలీబీ జంగ్ అనగానే బైతుల్ ముఖద్దస్, సలాహుద్దీన్ అయ్యూబీ గుర్తుకొస్తారు. పోస్టరు వేసిన చర్చి వాళ్లకు మాత్రం క్రూసేడ్ అంటే పాటలు, ప్రసంగం, ప్రార్థన ఉండే పెద్ద బహిరంగ సభ. ఒకే మాటకు రెండు అర్థాలు. ఈ రెంటినీ కలిపేసి, “క్రైస్తవులు కత్తితో మతం మార్చారు, ఇక్కడ కూడా అదే” అంటూ వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లకు లోటు లేదు. పక్కవాడి గురించి అలా నమ్మేసే ముందు, సరిగ్గా అలాంటి మాటే మన గురించి కూడా అంటారని గుర్తుంచుకోవాలి. అందుకే అసలు ఏం జరిగిందో చూద్దాం. ముందు యూరప్‌లో, తర్వాత మన కృష్ణా డెల్టాలో.

అందరికీ తెలిసిన కథ

1095 నవంబరులో ఫ్రాన్స్‌లోని క్లెర్మాంట్ పట్టణంలో పోప్ రెండో అర్బన్ యుద్ధానికి పిలుపునిచ్చాడు. బయలుదేరినవాళ్లు బట్టల మీద సిలువ గుర్తు కుట్టుకున్నారు. ‘క్రూసేడ్’ అన్న మాటకు మూలం ఆ సిలువే. ఉర్దూ ‘సలీబీ’లో ఉన్నది కూడా అదే సలీబ్. 1099 జులై 15న జెరూసలెం వాళ్ల చేతికి చిక్కింది. నగరంలోని ముస్లింలను, యూదులను పెద్ద సంఖ్యలో చంపారు. 1187లో సలాహుద్దీన్ నగరాన్ని తిరిగి తీసుకున్నారు. 1291లో అక్కా కోట పడిపోవడంతో ఆ తీరంలో క్రూసేడర్ల పాలన ముగిసింది.

జెరూసలెం యుద్ధాల ప్రధాన లక్ష్యం భూమి, పవిత్ర స్థలాలు. అక్కడి ముస్లింలందరినీ క్రైస్తవులుగా మార్చాలన్నది వాటి మొదటి ఉద్దేశం కాదు. అయితే దారిలో మాత్రం మతమార్పిడి జరిగింది. 1096లో జర్మనీలోని రైన్ నది ఒడ్డు పట్టణాల్లో కొన్ని మూకలు యూదులపై విరుచుకుపడి, బాప్తిస్మమా చావా తేల్చుకోమన్నాయి.

తక్కువమందికి తెలిసిన కథ

మతమార్పిడే అసలు పనిగా నడిచిన క్రూసేడ్లు వేరే ఉన్నాయి. అవి మన దేశం వైపో, అరబ్బుల వైపో కాదు, యూరప్‌లోనే ఉత్తరాన బాల్టిక్ సముద్రం ఒడ్డున జరిగాయి. అక్కడి ప్రజలు చెట్లను, నదులను, తమ దేవతలను కొలిచేవారు. క్రైస్తవుల భాషలో వాళ్లు ‘పేగన్లు’. తెలుగు బైబిల్ చదివేవారికి తెలిసిన మాటలో చెప్పాలంటే ‘అన్యజనులు’.

దీనికి పునాది క్రూసేడ్ల కంటే మూడు వందల ఏళ్ల ముందే పడింది. ఫ్రాంకుల రాజు షార్లెమేన్ 772 నుంచి 804 దాకా సాక్సన్ల మీద యుద్ధం చేశాడు. 782లో వెర్డెన్ అనే చోట ఒక్కరోజే 4,500 మందికి తలలు తీయించాడని ఆ రాజు ఆస్థాన వృత్తాంతమే రాసుకుంది. బాప్తిస్మం తీసుకోకుండా దాక్కున్నవాడికి మరణశిక్ష అని చట్టం కూడా చేశాడు. ఆయన కొలువులోని పండితుడు ఆల్క్విన్ దీనిని తప్పుపట్టాడు. విశ్వాసం మనసుతో రావాలి, మనిషిని బాప్తిస్మానికి ఈడ్చుకురావచ్చు కానీ విశ్వాసానికి ఈడ్చుకురాలేం అన్నది ఆయన వాదన సారాంశం.

1147లో పోప్ మూడో యుజీనియస్ ఈ ఉత్తరాది యుద్ధానికి జెరూసలెం క్రూసేడ్‌తో సమానమైన పుణ్యఫలం ప్రకటించాడు. బెర్నార్డ్ అనే ప్రసిద్ధ మఠాధిపతి ఇంకో అడుగు ముందుకేశాడు. ఎల్బ్ నదికి అవతల ఉన్న వెండ్ జాతి ప్రజలతో రాజీ కుదరదని, వాళ్ల మతమైనా పోవాలి, లేదా ఆ జాతైనా పోవాలి అన్నట్టు రాశాడు. ఫలితం ఏంటో చూడండి. డోబిన్ కోట ముట్టడి ఎత్తేయించుకోవడానికి లోపలివాళ్లు బాప్తిస్మానికి ఒప్పుకున్నారు, సైన్యం వెళ్లాక మళ్లీ తమ పాత పద్ధతికి వెళ్లిపోయారు. ష్టెట్టిన్ పట్టణం ముందు ఇంకా విచిత్రం జరిగింది. ముట్టడి మొదలవగానే పట్టణవాసులు కోటగోడల మీద సిలువలు వేలాడదీశారు. కొన్నేళ్ల కిందటే ఒక బోధకుడి మాట విని వాళ్లు క్రైస్తవులయ్యారు. క్రైస్తవులుగా మార్చడానికని వచ్చిన సైన్యం క్రైస్తవ పట్టణాన్నే చుట్టుముట్టింది!

ఇప్పటి లాత్వియా ప్రాంతంలో లివ్ జాతివారి సంగతి ఆ కాలపు చరిత్రకారుడు హెన్రీ రాసిపెట్టాడు. మొదటి బిషప్ రాతికోట కట్టించి ఇస్తానంటే వాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత దౌగవా నదిలో స్నానం చేసి, వంటి మీది బాప్తిస్మాన్ని కడిగేసుకున్నామన్నారు. రెండో బిషప్ బెర్టోల్డ్ సైన్యంతో వచ్చి 1198లో యుద్ధంలోనే చనిపోయాడు. మూడో బిషప్ ఆల్బర్ట్ 1201లో రీగా నగరాన్ని నిలబెట్టాడు. మరుసటి ఏడాది పుట్టిన సైనిక సన్యాసుల దళం పేరు ‘ఖడ్గ సోదరులు’. పేరులోనే కత్తి ఉంది.

ప్రష్యాలో ట్యూటానిక్ దళం 1230 ప్రాంతంలో పని మొదలుపెట్టింది. మతం మారినవాళ్లకు ఆస్తి, వారసత్వ హక్కులిస్తామని 1249లో ఒప్పందం రాసుకుంది. తిరగబడినవాళ్లకు ఆ హక్కులు ఉండవని కూడా అందులోనే ఉంది. 1260లో పెద్ద తిరుగుబాటు లేచి దాదాపు 14 ఏళ్లు సాగింది. చివరికి ప్రష్యన్లు ఓడారు. వాళ్ల భాష నెమ్మదిగా చచ్చిపోయింది. 18వ శతాబ్దం మొదటికి దాన్ని మాట్లాడేవాళ్లు మిగల్లేదు. ‘ప్రష్యా’ అన్న పేరు మాత్రం గెలిచినవాళ్లు పెట్టుకున్నారు.

చర్చి చట్టం బలవంతం వద్దంది కదా?

అంది. బలవంతపు బాప్తిస్మం చెల్లదన్నది చర్చి పాత నియమమే. మరి ఇదంతా ఎలా జరిగింది? రెండు సందుల్లోంచి.

మొదటిది: యుద్ధం మతం మార్చడానికి కాదు, బోధకులకు, కొత్తగా మారినవాళ్లకు రక్షణగా అని చెప్పుకున్నారు. రెండోది: బలవంతం అన్న మాటకే అర్థం కుదించేశారు. చావుభయంతో అయినా ‘సరే’ అన్నవాడు ఒప్పుకున్నట్టే, ఇక వెనక్కి వెళ్లడానికి లేదు అని 1201లో పోప్ మూడో ఇన్నోసెంట్ తేల్చాడు. నోటితో చివరిదాకా ‘వద్దు’ అన్నవాడికి మాత్రమే మినహాయింపు. అంటే పుస్తకంలో బలవంతం ఉండదు, మైదానంలో ఉంటుంది. ఏ మతం పేరుతో ఏ ప్రభుత్వం చట్టం చేసినా చూడాల్సింది సరిగ్గా ఈ సందుల్నే.

దీనికి ఎదురు చెప్పినవాళ్లు క్రైస్తవుల్లోనే ఉన్నారు. లిథువేనియా పాలకుడు యొగైలా 1386లో పోలండ్ రాజ్యంతో పొత్తు కోసం తనంతట తాను బాప్తిస్మం తీసుకున్నాడు. మరుసటి ఏడాది దేశం కూడా మారింది. అయినా ట్యూటానిక్ దళం అది నకిలీ మార్పిడి అంటూ దాడులు ఆపలేదు. 1410లో గ్రున్‌వాల్డ్ యుద్ధంలో ఆ దళం ఘోరంగా ఓడిపోయింది. ఆ రోజు లిథువేనియా పక్షాన పోరాడినవారిలో జలాలుద్దీన్ నాయకత్వంలోని ముస్లిం తాతార్లు ఉన్నారు. తాతార్లకు లిథువేనియా పాలకుడు వీతౌతాస్ తన నేల మీద చోటిచ్చి, వాళ్ల దీన్ వాళ్లకు వదిలేశాడు. వాళ్ల వారసులు, మసీదులు నేటికీ లిథువేనియా, పోలండ్‌లలో ఉన్నాయి. ఆ తర్వాత కాన్‌స్టాన్స్‌లో 1414 నుంచి 1418 దాకా జరిగిన చర్చి మహాసభలో పావెల్ వ్లొద్కోవిచ్ అనే పోలండ్ న్యాయపండితుడు, క్రైస్తవేతరులకు కూడా తమ భూమి మీద హక్కుంది, మతం పేరుతో వాళ్ల మీద దండెత్తడం అన్యాయం అని వాదించాడు.

బాల్టిక్ కథ క్లుప్తంగా ఇదీ. సైన్యం ముందు నడిచింది, బాప్తిస్మం వెనక వచ్చింది. ఇప్పుడు మన నేలకు వద్దాం. ఇక్కడ ఎవరు ముందు నడిచారు?

మచిలీపట్నంలో ఒక బడి

కృష్ణా డెల్టాలో ఇంగ్లీషు ప్రొటెస్టెంట్ మిషన్ కథ మచిలీపట్నంలో మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీకి మొదట మిషనరీలంటే పడేది కాదు. మతం జోలికి పోతే వ్యాపారం దెబ్బతింటుందని దాని భయం. 1813లో బ్రిటిష్ పార్లమెంటు చార్టర్ చట్టంతో తలుపు తెరిచింది. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ బందరు రేవులో దిగారు. ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించాడు. నోబుల్ 1843లో బడి పెట్టాడు. నేటి నోబుల్ కాలేజీ దాని వారసురాలే.

ఆ బడి ఎవరికోసం? పేదలకోసం కాదు, పెద్ద కులాల పిల్లలకోసం. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్ల వెంట వస్తారన్నది నోబుల్ లెక్క. రాజు మారితే రాజ్యం మారుతుందన్న పాత యూరప్ లెక్కకు ఇది దగ్గరగానే ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఆయన చేతిలో ఉన్నది కత్తి కాదు, ఇంగ్లీషు చదువు. సర్కారు కొలువుకు దారి చూపే చదువు. దాని ఆకర్షణ తక్కువేం కాదు.

తొమ్మిదేళ్ల దాకా ఒక్కరూ మారలేదు. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వెలమ. పట్నం గగ్గోలెత్తింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ అయ్యింది. మళ్లీ నిండడానికి సమయం పట్టింది.

ముస్లిం కుటుంబాలు ఈ కథను దూరంగా నిలబడి చదవలేవు. ఎందుకంటే నోబుల్ బడిలో చదివి మతం మారినవారిలో జానీ అలీ అనే బందరు ముస్లిం యువకుడు కూడా ఉన్నారు. ఆయన ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో డిగ్రీ చేసి, పాదిరీ అయి, బొంబాయి, కలకత్తాల్లో ముస్లింల మధ్యే పనిచేశారు. 1894లో చనిపోయారు. ఒక ముస్లిం ఇంట్లో అప్పుడు ఎంత దుఃఖం ఉండి ఉంటుందో ఊహించడానికి చరిత్ర పుస్తకం అక్కర్లేదు. కానీ ఆయన్ను ఎవరూ కత్తి చూపించి మార్చలేదన్నది కూడా అంతే నిజం.

ఇక్కడ ప్రభుత్వానికి పాత్రే లేదా అంటే, ఉంది. 1850లో కంపెనీ ఒక చట్టం చేసింది. మతం మారాడన్న కారణంతో ఎవరి వారసత్వ హక్కూ పోదన్నది దాని సారం. మారినవాడికి అది రక్షణ, కుటుంబాలకు మాత్రం అది మిషనరీకి అండగా కనిపించింది. తెల్లవాడి పాలనలో తెల్లవాడి మతం అంటే వెనక బలం ఉన్నట్టే లెక్క. దీన్ని దాచి చెప్పకూడదు. కానీ ఈ చట్టానికి, సాక్సన్ల మీద పెట్టిన మరణశిక్ష చట్టానికి మధ్య ఉన్న దూరాన్ని కూడా చెరిపేయకూడదు.

బెజవాడ ఘాట్ దగ్గర వెంకయ్య

నోబుల్ లెక్క తలకిందులైంది బెజవాడలో. పైనుంచి కిందికి దిగుతుందనుకున్న మతం, కిందినుంచి లేచింది.

రాఘవాపురం అనే ఊళ్లో పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు ఉండేవాడు. దోపిడీ ముఠాకు నాయకుడని పేరు. విగ్రహాల్లో దేవుడు లేడేమో అన్న అనుమానం ఆయన్ని కొన్నేళ్లపాటు వేధించింది. దేవుడు ఎవరో తెలియకపోయినా, కనబడమని రోజూ వేడుకునేవాడట. 1859లో పండుగ స్నానాలకు జనం కృష్ణ ఒడ్డున చేరినప్పుడు ఆయన కూడా బెజవాడ వచ్చాడు. ఘాట్ దగ్గరున్న ఒక బ్రాహ్మణుణ్ణి తన సందేహం అడిగితే, అలాంటి సంగతులు చెప్పే తెల్లదొర ఒకాయన ఈ ఊళ్లోనే ఉన్నాడు, వెళ్లి అడుగు అన్నాడట. ఆ దొర థామస్ డార్లింగ్. ఏళ్ల తరబడి ప్రకటించినా మనిషి దొరకని మిషనరీ. అదే ఏడాది వెంకయ్య, ఆయన వాళ్లు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత మిషనరీ కంటే ముందు ఊరూరా తిరిగి చెప్పింది వెంకయ్యే. 1891లో ఆయన చనిపోయేనాటికి కృష్ణా జిల్లా మాలపల్లెల్లో చర్చి వేళ్లూనుకుంది.

ఈ కథ మనకు అందింది మిషనరీలు రాసిన వృత్తాంతాల ద్వారానే. వాళ్లకు నచ్చినట్టు కొంత మెరుగు పెట్టి ఉండొచ్చు. అయినా అసలు సంగతి మాత్రం కదలదు: ఇక్కడ మిషనరీ ఊరికి సైన్యంతో వెళ్లలేదు, ఊరే నడిచి మిషనరీ దగ్గరికి వెళ్లింది.

ఎందుకు వెళ్లింది? ఆ రోజుల్లో మాలపల్లె, మాదిగగూడెం ఊరి బయట ఉండేవి. ఊరి బావిలో నీళ్లు తోడుకోనిచ్చేవారు కాదు. గుడి లోపలికి రానిచ్చేవారు కాదు. బడి అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. అంతకు నాలుగేళ్ల ముందే, 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. కాలువల కింద డెల్టా పచ్చబడింది, భూమి ఉన్నవాళ్ల దశ తిరిగింది. పొలంలో దిగి నాట్లేసేవాళ్లకు, కోతలు కోసేవాళ్లకు మాత్రం భూమీ లేదు, మర్యాదా లేదు. అలాంటి పల్లెలో ఒక మనిషి వచ్చి గడపలో కూర్చుని, పిల్లాడికి అక్షరాలు దిద్దిస్తానంటే, దేవుడి ముందు అందరూ ఒకటే అంటే, ఆ మాట బరువు ఎంత ఉంటుందో ముస్లింలకు వేరేగా చెప్పాలా? మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడటం ఎంతమందిని ఇస్లాం వైపు లాగిందో అందరికీ తెలిసిందే.

“బియ్యం కోసం మారారు” అనే మాట

కత్తి కాదంటే వెంటనే వచ్చే రెండో మాట ఇది: ఆకలి చూసి మార్చారు. దీనికి జవాబు డెల్టాకు దక్షిణాన, ఒంగోలులో దొరుకుతుంది.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని మహాకరువు కబళించింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. అదే సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు సాయం ముగిశాక మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ రాకముందే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు ఆ పల్లెల్లో దారి వేసి ఉంచాడు.

కూలి ఇచ్చిన చెయ్యే బాప్తిస్మం ఇచ్చిందని విమర్శించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ విమర్శలో కొంత నిజం లేకపోలేదు. మేలు చేసినవాడి మాట చెవికి తొందరగా ఎక్కుతుంది. కానీ “ఆకలితో ఉన్నవాడికి మనసే ఉండదు” అన్నట్టు మాట్లాడటం ఇంకో రకం చిన్నచూపు. 1930లలో గాంధీజీ ఈ మూకుమ్మడి మార్పిడులను తప్పుపట్టినప్పుడు, దోర్నకల్ బిషప్ అజరయ్య దాదాపు ఇదే జవాబిచ్చారు. దళితులకు కూడా ఆత్మ ఉంది, తమ దారి తాము ఎంచుకునే తెలివి ఉంది అని. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన, 1912లో. ఆయన కట్టించిన దోర్నకల్ కేథడ్రల్‌కు గుమ్మటాలు, మినార్లు ఉన్నాయి. నైజాం రాజ్యంలో లేచిన ఆ చర్చిని దూరం నుంచి చూస్తే మసీదేమో అనిపిస్తుంది.

అయితే తేడా ఎక్కడ?

బాల్టిక్ తీరానికీ కృష్ణా తీరానికీ తేడా తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు.

ముందు ఎవరు కదిలారు? అక్కడ పోప్, రాజు, సైన్యం. ఇక్కడ ఎక్కువ ఊళ్లలో పల్లె పెద్దలు, వెంకయ్య, పేరయ్య లాంటివాళ్లు.

కాదంటే ఏమయ్యేది? అక్కడ ఇల్లు కాలేది, తల పోయేది. ఇక్కడ కాదన్నవాడికి ఏమీ కాలేదు. ఔనన్నవాడికే కష్టం. ఇంటివాళ్లు వెలివేయడం, ఆసామి పని మాన్పించడం.

వెనక్కి వెళ్లొచ్చా? దౌగవా నదిలో బాప్తిస్మం కడిగేసుకున్న లివ్ ప్రజల మీదికి మళ్లీ సైన్యం వచ్చింది. ఇక్కడ వెనక్కి వెళ్లినవాడి మీదికి సైన్యం రాలేదు.

ఈ మూడు ప్రశ్నలనే మన చరిత్రకు కూడా వేసుకోవాలి. కొండపల్లి కోట, మచిలీపట్నం రేవు గోల్కొండ కుతుబ్‌షాహీల కింద ఉన్నాయి, తర్వాత మొగలుల కింద, నైజాం కింద. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీకి దక్కేదాకా ఈ తీరంలో ముస్లిం పాలకులదే పైచేయి. అన్నేళ్ల తర్వాత కూడా డెల్టాలో ముస్లింలు కొద్దిమందే. కత్తితో మార్చడమే విధానమైతే లెక్క ఇలా ఉండేది కాదు. సుల్తానుల యుద్ధాల్లో దౌర్జన్యాలు లేవని ఎవరూ అనలేరు, అనకూడదు కూడా. దీన్ విషయంలో బలవంతం లేదని అల్ బఖరా సూరా 256వ ఆయత్ స్పష్టంగా చెబుతుంది. చర్చి చట్టం కూడా కాగితం మీద అదే చెప్పింది. పాలకుడు ఆ మాటకు కట్టుబడ్డాడా లేదా అన్నది ప్రతిసారీ విడిగా చూడాల్సిందే, వాళ్లదైనా మనదైనా.

నేటి లెక్క: సర్టిఫికెట్

ఇదంతా పాత కథే కదా అనుకుంటే పొరపాటు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల కింద వస్తారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. అందుకే మతం మారిన దళిత క్రైస్తవుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ సీ గ్రూపు కింద 1 శాతం రిజర్వేషన్‌లో ఉండిపోతాడు. దళిత మూలాలున్న ముస్లింకు కూడా ఎస్సీ తలుపు మూసే ఉంది. క్రైస్తవం తీసుకున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఏపీ హైకోర్టు ఒక కేసులో చెప్పింది.

మతం మారితే కులం పోతుందా? చర్చికి వెళ్లినవాడు పేట మార్చలేదు, బావి దగ్గర చూపు మారలేదు అని దళిత క్రైస్తవులు అంటారు. క్రైస్తవులుగా మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఏపీ అసెంబ్లీ తీర్మానం చేసింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి, తర్వాత గడువు పొడిగించింది. ఈ చర్చలో “అవి పరాయి మతాలు, బలవంతంతోనో ఆశతోనో వచ్చినవి” అనే మాట పదేపదే వినిపిస్తుంది. పొరుగు చర్చి గురించి ఆ మాట ఈరోజు ముస్లింలు నమ్మితే, రేపు ముస్లింల గురించి అదే మాట అంటే కాదనడానికి నోరు లేకుండా పోతుంది. ఒకే ఉత్తర్వు ఇద్దరినీ గడప బయట నిలబెట్టింది.

పిల్లాడికి ఏం చెప్పాలి?

‘క్రూసేడ్’ అన్న మాటతో క్రైస్తవులకే ఇబ్బంది ఉంది. 2001 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బుష్ తన యుద్ధానికి ఆ మాట వాడితే ముస్లిం దేశాలే కాదు, యూరప్ కూడా ఉలిక్కిపడింది. ‘క్యాంపస్ క్రూసేడ్’ అనే పెద్ద అమెరికన్ క్రైస్తవ సంస్థ 2011లో పేరు మార్చుకుంది. తెలుగు చర్చిల్లోనూ చాలామంది ‘సువార్త మహాసభలు’ అనే వేస్తారు. అది మంచి మాట, ఎవరినీ గుచ్చదు. పోస్టరు వేసే పొరుగువారితో పరిచయం ఉంటే మర్యాదగా ఆ సంగతి చెప్పొచ్చు. చాలామందికి ఆ మాట వెనక కథ తెలియదు.

పిల్లాడు అడిగితే రెండు సంగతులూ చెప్పండి. క్రూసేడ్ పేరుతో ఒకప్పుడు ఘోరాలు జరిగాయి, ముస్లింల మీదే కాదు, యూదుల మీద, అడవి దేవతల్ని కొలుచుకున్న బాల్టిక్ ప్రజల మీద కూడా. కానీ పక్క వీధిలో ఆదివారం గంట మోగే చర్చి ఆ సైన్యం కట్టింది కాదు. ఊరి బయట నిలబెట్టిన మనుషులు, తమను లోపలికి పిలిచిన దేవుణ్ణి వెతుక్కుంటూ కట్టుకున్నది. వాళ్ల నమ్మకం మనది కాకపోవచ్చు. అయినా వాళ్ల చరిత్రను ఉన్నది ఉన్నట్టు చెప్పడం మన ఇన్సాఫ్.